కాగితపు నోట్ల సేకర్తలకు గట్టి క్విజ్ పెట్టడం ఎలా

నోట్లు సేకరించేవాళ్ళకు మామూలు జనరల్ నాలెడ్జ్ క్విజ్ పెడితే పావుగంటలో ఆవలిస్తారు. వాళ్ళకు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ల పేర్లు వరసగా వచ్చు, కొత్త నోట్ల వెనక ఏ కట్టడం ఉందో నిద్రలో అడిగినా చెబుతారు. అలాగని ఎవరికీ అక్కరలేని అంకెలు ఏరి అడిగితే గదిలో ఒక్కరూ చెప్పలేరు. చెప్పలేకపోయినందుకు ఎవరికీ బాధ కూడా ఉండదు. గట్టి ప్రశ్న ఎలా ఉండాలంటే, జవాబు విన్నాక పోటీదారుడు తన ఆల్బమ్ తీసి చూసుకోవాలనిపించాలి. జవాబుకు సాక్ష్యం నోటు మీదే ఉండాలి. ఇక్కడ చెప్పే పద్ధతి భారతీయ నోట్ల సేకర్తల కోసం, ఇద్దరేసి సభ్యులున్న జట్లతో, రెండున్నర గంటల్లో పూర్తయ్యే పోటీకి సరిపోతుంది.

ముందు పరిధి గీయండి

ఆహ్వానంలోనే పరిధి రాయండి. "భారతీయ నోట్లు" అని వదిలేస్తే ఒకరు 1861 పేపర్ కరెన్సీ చట్టం నాటి విక్టోరియా నోట్లు చదువుకొస్తారు, ఇంకొకరు 2016 తర్వాతి నోట్లకే సిద్ధపడతారు. తెలుగువాళ్ళ మధ్య పెట్టే పోటీకి నాలుగు విభాగాలు బాగుంటాయి: 1861 నుంచి 1935 దాకా ప్రభుత్వ నోట్లు, రిజర్వ్ బ్యాంకు నోట్లు, ఒక రూపాయి నోట్లు, హైదరాబాదు సంస్థానం నోట్లు. ఐదోదిగా భారతదేశంతో ముడిపడిన బయటి నోట్లు చేర్చండి. బర్మా, పాకిస్తాన్ ఓవర్‌ప్రింట్ (భారత నోటు మీదే అదనంగా పేరు అచ్చువేసినవి), గల్ఫ్, హజ్ నోట్లు, ఫ్రెంచి, పోర్చుగీసు ఇండియా నోట్లు ఇందులోకి వస్తాయి. యానాం వైపు సేకర్తల దగ్గర ఫ్రెంచివాళ్ళ బ్యాంకు బాంక్ ద లాందోషీన్ వేసిన రూపాయి నోట్ల ప్రస్తావన తరచూ వస్తుంది కాబట్టి అది మనకు పరాయి విషయమేమీ కాదు.

ప్రశ్నలు రాయడం

సగం పని ఇదే. 70 ప్రశ్నలు వాడాలంటే కనీసం 110 రాయండి. మూడో వంతు పరీక్షలోనే రాలిపోతుంది.

ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉండాలి, ఆ జవాబును రెండు ఆధారాలతో చూపగలగాలి, వీలైతే అందులో ఒకటి నోటే కావాలి. ఈ నియమం తప్పితే పోటీ మధ్యలో గొడవ ఖాయం. ఎక్కడ తప్పుతుందో చూడండి.

"గాంధీ బొమ్మతో వచ్చిన మొదటి నోటు ఏది?" అని అడిగారనుకోండి. 1969లో గాంధీ శతజయంతికి సేవాగ్రామ్ ఆశ్రమం నేపథ్యంగా, కూర్చున్న గాంధీతో నోట్లు వచ్చాయి. 1987లో 500 రూపాయల నోటు మీద ఆయన ముఖచిత్రం వచ్చింది. 1996లో మహాత్మా గాంధీ శ్రేణి మొదలైంది. ముగ్గురు మూడు జవాబులు చెబుతారు, ముగ్గురి దగ్గరా వాదన ఉంటుంది. "స్మారక నోటు కాకుండా, మామూలు చలామణీ నోటు మీద" అని ఒక్క మాట చేరిస్తే 1987 మాత్రమే మిగులుతుంది.

"నోటు మీద ఎన్ని భాషలుంటాయి?" అనేదీ ఇలాంటిదే. వెనకవైపు పట్టీలో 15, హిందీ, ఇంగ్లీషు కలిపితే 17. ఏది అడుగుతున్నారో చెప్పకపోతే రెండూ ఒప్పుకోవాల్సి వస్తుంది. అంతకన్నా "పట్టీలో తెలుగుకు వెంటనే పైనా కిందా ఉండే భాషలేవి?" అనడం మేలు. పైన తమిళం, కింద ఉర్దూ, జవాబు ఒక్కటే. ఏళ్ళ తరబడి చూస్తున్న పట్టీ అయినా చాలామంది ఆగి ఆలోచిస్తారు.

"ఏకైక" అనే మాట కనబడితే జాగ్రత్తపడండి. ఒక రూపాయి నోటు భారత ప్రభుత్వానిది, దాని మీద ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది. మిగతావాటి మీద గవర్నరు సంతకం. రెండింటి మీదా సంతకం పెట్టింది మన్మోహన్ సింగ్ ఒక్కరే అని చాలామంది నమ్మకం. అది తప్పు. ఎల్.కె. ఝా, ఎస్. జగన్నాథన్, ఆర్.ఎన్. మల్హోత్రా, ఎస్. వెంకిటరమణన్ సంతకాలు రెండు రకాల నోట్ల మీదా ఉన్నాయి. ఈ మధ్య కాలంలో శక్తికాంత దాస్ 2017 ఒక రూపాయి నోటు మీద సంతకం చేసి, తర్వాత గవర్నరు అయ్యారు. ఆ నమ్మకాన్నే తిప్పి గట్టి ప్రశ్న చేయొచ్చు: "ఆర్థిక కార్యదర్శిగా పనిచేసి గవర్నరు అయినా ఒక రూపాయి నోటు మీద సంతకం లేని తెలుగువారు ఎవరు, ఎందుకు లేదు?" దువ్వూరి సుబ్బారావు. ఆయన కార్యదర్శిగా ఉన్న 2007, 2008 సంవత్సరాల్లో ఒక రూపాయి నోట్ల ముద్రణ లేదు. 1994లో ఆగినది మళ్ళీ 2015లో మొదలైంది. పేరు తెలిస్తే సగం మార్కులు, కారణం చెబితే పూర్తి మార్కులు.

ఇలా "ఎందుకు" చేర్చడమే ప్రశ్నను గట్టిపరిచే మంచి దారి. 19వ శతాబ్దపు నోటు ఒకటి సరిగ్గా మధ్యకు కోసి, మళ్ళీ అతికించి ఉంటుంది. చించింది ఎవరు, ఎందుకు? తపాలాలో డబ్బు పోకుండా ఒక ముక్క ముందు పంపి, అది చేరినట్టు కబురు వచ్చాక రెండోది పంపేవారు. నోటు చూసినవాడు ఊహతో కూడా ఈ జవాబు పట్టుకోగలడు. బాగా చదివినవాడికీ, బాగా ఆలోచించేవాడికీ ఇద్దరికీ అవకాశం ఉన్న ప్రశ్న అది. ఇలాంటివి పోటీకి పది దొరికినా మీ అదృష్టం.

తేదీల ప్రశ్నల్లో ఏ తేదీ అడుగుతున్నారో విడమరచండి. నోటు మీద అచ్చయిన తేదీ ఒకటి, జనం చేతికి వచ్చిన తేదీ ఇంకొకటి, రద్దయిన తేదీ మరొకటి. రిజర్వ్ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలైంది. తన పేరుతో మొదటి నోటు, ఆరో జార్జి బొమ్మతో 5 రూపాయలది, 1938 జనవరిలో వచ్చింది. ఆ నోటు మీద సంతకం రెండో గవర్నరు జె.బి. టేలర్‌ది. మొదటి గవర్నరు ఆస్బర్న్ స్మిత్ సంతకంతో నోటే లేదు. ఈ మూడు విషయాల్ని కలిపి ఒక ప్రశ్న చేయండి, విడివిడిగా అడగొద్దు.

గవర్నర్ల సంతకాల మీద ఒక చిన్న గుత్తి ప్రశ్నలు తప్పక పెట్టండి, సేకర్తలకు ప్రాణం అవి. కె.జి. అంబేగావ్‌కర్ సంతకం ఒక రూపాయి నోటు మీద దొరుకుతుంది, గవర్నరుగా మాత్రం దొరకదు. 1970లో కొద్ది వారాలే పదవిలో ఉన్న బి.ఎన్. ఆదార్కర్ సంతకం గాంధీ శతజయంతి నోట్ల మీద ఉంది. ఎన్.సి. సేన్ గుప్తా సంతకం 1000 రూపాయల నోటు మీదే. 1985లో 20 రోజులు గవర్నరుగా ఉన్న అమితావ్ ఘోష్ సంతకంతో నోటు లేదు. నాలుగు పేర్లు ఒక పక్క, నాలుగు వివరాలు ఇంకో పక్క ఇచ్చి జతపరచమనండి. ఒకటి తప్పితే ఇంకోటి కూడా తప్పుతుంది కాబట్టి గుడ్డిగా రాసేవాడికి మార్కులు రావు.

హైదరాబాదు నోట్లకు వస్తే, 1918లో మొదలైన ఈ ఉస్మానియా సిక్కా (సంస్థానపు సొంత రూపాయి) నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఉంటాయి. తేదీ ఫస్లీలో, అంటే ఆ సంస్థానంలో వాడిన సంవత్సరాల లెక్కలో, ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుందని తెలిసినవాడికి ఆ ప్రశ్న తేలిక, తెలియనివాడికి గోడ. వీటి మీద సంతకాలు సంస్థానపు ఆర్థిక మంత్రులవి. వారిలో ఒకరైన గులాం మహమ్మద్ తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. "హైదరాబాదు నోటు మీద సంతకం చేసి ఇంకో దేశాధిపతి అయినవారు" అని అడిగితే గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. మారకం లెక్క కూడా అడగొచ్చు: 7 హైదరాబాదు రూపాయలకు 6 భారత రూపాయలు.

బయటి నోట్లలో రంగు, ప్రిఫిక్స్ (సీరియల్ నంబరు ముందుండే అక్షరాలు) ఆధారంగా అడగండి. 1959లో గల్ఫ్ కోసం వేసిన నోట్లకు జడ్ ప్రిఫిక్స్, హజ్ యాత్రికుల నోట్లకు హెచ్.ఏ. పాకిస్తాన్ కోసం నాసిక్‌లో భారత నోట్ల మీదే "గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్" అని ఇంగ్లీషు, ఉర్దూల్లో ఓవర్‌ప్రింట్ వేశారు. 1948 జూన్ 30 దాకా ఆ దేశానికీ రిజర్వ్ బ్యాంకే కేంద్ర బ్యాంకు.

రాసిన ప్రశ్నలన్నీ ఇద్దరి చేత చేయించండి. ఒకరు బాగా తెలిసిన సేకర్త, ఇంకొకరు రెండు మూడేళ్ళుగా మాత్రమే సేకరిస్తున్నవారు. వీళ్ళు పోటీలో పాల్గొనకూడదు. మొదటివారు 80 శాతం దాటితే పోటీ చప్పగా ఉంటుంది, 55 శాతం కూడా దాటకపోతే బరువు ఎక్కువైందని అర్థం. రెండోవారికి 30 శాతం దగ్గర రావాలి. ఇద్దరూ తప్పిన ప్రశ్నల్లో సగం తీసేయండి. ఇద్దరూ ఒకే తప్పు జవాబు చెప్పిన ప్రశ్నను తిరిగి చదవండి. అక్కడ లోపం సాధారణంగా ప్రశ్నలోనే ఉంటుంది.

పోటీ అల్లిక

మొదట రాత పరీక్ష: 25 ప్రశ్నలు, 30 నిమిషాలు, ప్రశ్నకు 1 మార్కు. వచ్చిన జట్లన్నీ రాస్తాయి. సమానం తేల్చడానికి అందులో 5 ప్రశ్నలకు ముందే నక్షత్రం గుర్తు పెట్టి ఉంచండి. పైనుంచి 6 జట్లు ఫైనల్‌కు. పేపర్లు దిద్దడానికి ఇద్దరు, పావుగంట చాలు. ఆ పావుగంటలో టీ ఇవ్వండి.

ఫైనల్ మొదటి రౌండు నేరుగా, బౌన్స్‌తో: 18 ప్రశ్నలు, 10 మార్కులు, జవాబు రాకపోతే పక్క జట్టుకు. తొమ్మిది ప్రశ్నల తర్వాత దిశ తిప్పండి. తిప్పకపోతే బలమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్ళకు ఒక్క బౌన్స్ కూడా అందదు.

రెండోది తెర మీద బొమ్మలు: 10 ప్రశ్నలు, అందరూ కాగితం మీద రాస్తారు. నోటులో గోరంత భాగం చూపించి ఏ నోటో, ఏ సంతకం కాలమో అడగాలి. స్కాన్ 600 డీపీఐలో తీస్తే పెంచినప్పుడు చుక్కలుగా విడిపోదు. ఫోనుతో తీసిన ఫోటోల్లో వెలుతురు మెరుపు వల్ల రంగు మారుతుంది. బొమ్మలో సీరియల్ నంబరు, ప్రిఫిక్స్ కనబడకుండా కత్తిరించండి. ఫైలు పేర్లు 01, 02 అని మార్చండి. తెర మీద మూలన "హజ్ 100" అని పేరు కనబడితే ఆ ప్రశ్న పోయినట్టే. హాల్లో ప్రొజెక్టరు పెట్టి ముందురోజే చూసుకోండి. 2018లో వచ్చిన 100 రూపాయల నోటు లేత ఊదా రంగు చాలా ప్రొజెక్టర్ల మీద బూడిదగా కనిపిస్తుంది.

మూడోది, అసలు రుచి ఉన్న రౌండు, బల్లల మీద నిజమైన నోట్లు. 6 బల్లలు, బల్లకు 2 నోట్లు, ఒక టేబుల్ దీపం, పది రెట్లు పెంచే భూతద్దం, ఒక అల్ట్రావయొలెట్ టార్చి. జట్టుకు బల్ల దగ్గర 4 నిమిషాలు, మారడానికి 1 నిమిషం. మొత్తం అరగంట. ప్రశ్న అన్ని బల్లలకూ ఒకటే: "ఈ నోటులో విశేషం ఏమిటి? నోటు మీదే చూపించండి."

ఇక్కడ ఏం పెట్టాలో చెబుతాను. ఒక స్టార్ నోటు, అంటే ముద్రణలో చెడిపోయిన నోటుకు బదులు వేసినది, ప్రిఫిక్స్‌కూ నంబరుకూ మధ్య నక్షత్రం ఉంటుంది, 2006లో 10, 20, 50 నోట్లతో మొదలైంది. దాని పక్కన అదే విలువ గల మామూలు నోటు. ఒక నిజమైన ముద్రణ లోపం, దాని పక్కన రసాయనంతో రంగు తీసేసి తయారుచేసిన నకిలీ లోపం. భూతద్దం కింద నకిలీలో రంగు పోయిన చోట కాగితం ఉపరితలం గరుకెక్కి కనిపిస్తుంది, పక్కనున్న మిగతా రంగులు కూడా కాస్త వెలిసి ఉంటాయి. నిజమైన లోపంలో కాగితం తాకని కాగితంలాగే ఉంటుంది. మూడో జత: సబ్బుపొడి నీళ్ళలో తడిసిన నోటు, తడవని నోటు. నోటు కాగితం పత్తి నారతో చేసినది, అల్ట్రావయొలెట్ కింద మందకొడిగా ఉంటుంది, నంబర్లూ నారలూ మాత్రమే మెరుస్తాయి. సబ్బుపొడిలోని తెల్లదనం పెంచే పదార్థం పట్టిన నోటు మొత్తం నీలంగా వెలుగుతుంది. అది చూసి దొంగనోటు అనేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఈ ఒక్క జత నేర్పేది ఏ పుస్తకమూ నేర్పదు.

నోట్లను గట్టి పాలిస్టర్ కవర్లలో మూసి ఉంచండి. పీవీసీ కవర్లు వద్దు, అవి కాలక్రమంలో జిగురెక్కి నోటును పాడుచేస్తాయి. బల్ల మీద పెన్నులు ఉండకూడదు, పెన్సిళ్ళే. నీళ్ళసీసా, టీ గ్లాసు దగ్గరికి రానివ్వకండి. ప్రతి బల్లకూ ఒక మనిషి కాపలా. ఉదయం ప్రతి నోటుకూ రెండు వైపులా ఫోటో, సీరియల్ నంబరు, యజమాని పేరుతో ఒక జాబితా రాసి యజమాని చేత సంతకం చేయించండి. ఇది అపనమ్మకం కాదు, అరువు ఇచ్చినవాళ్ళకు మీరిచ్చే మర్యాద.

నాలుగోది మెట్ల రౌండు: 4 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు ఆధారాలు. మొదటి ఆధారానికే చెబితే 15, రెండోదానికి 10, మూడోదానికి 5. మచ్చుకు ఒకటి. మొదటిది: "ఈ విలువ గల నోట్లు రెండుసార్లు రద్దయ్యాయి, 1946లో ఒకసారి, 1978లో ఒకసారి." రెండోది: "రెండు రద్దుల మధ్య దీన్ని 1954లో మళ్ళీ తెచ్చారు." మూడోది: "రిజర్వ్ బ్యాంకు ముద్రించిన నోట్లలో అన్నిటికన్నా పెద్ద విలువ ఇదే." జవాబు 10,000. మొదటి ఆధారానికి 1,000 అని తొందరపడేవాడికి అక్కడే దెబ్బ. 1,000 నోటు మూడోసారి 2016లో కూడా రద్దయింది.

చివరిది పౌన్స్, అంటే తమ వంతు కాకపోయినా జవాబు తెలిసిన జట్టు ముందే రాసివ్వొచ్చు: 12 ప్రశ్నలు. చీటీ మీద రాసిస్తే ఒప్పుకు 10, తప్పుకు మైనస్ 5. చీటీలన్నీ చేతికి వచ్చాకే వంతు ఉన్న జట్టును ప్రశ్న నేరుగా అడగాలి. తొందరలో ఈ క్రమం తప్పితే పక్క జట్టు జవాబు విని రాసేస్తారు.

సమానంగా నిలిస్తే అంకె ప్రశ్న, దగ్గరగా చెప్పినవాళ్ళు గెలుస్తారు. "మహాత్మా గాంధీ కొత్త శ్రేణిలో 10 నుంచి 2,000 దాకా ఏడు నోట్ల పొడవులు కలిపితే ఎన్ని మిల్లీమీటర్లు?" 123, 129, 135, 142, 146, 150, 166 కలిపితే 991. ఒక్కో నోటు పొడవు తెలిసినవాళ్ళున్నా, మొత్తం కూడి పెట్టుకున్నవాడు ఉండడు.

చట్టం విషయం

ప్రశ్నపత్రం కోసం నోట్ల బొమ్మల్ని రంగుల్లో, అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయొద్దు. నోటును పోలిన కాగితం తయారుచేయడం నేరం, భారతీయ న్యాయ సంహితలో 182వ సెక్షన్. తెర మీద చూపండి. కాగితం మీద తప్పనిసరైతే నలుపు తెలుపుల్లో చిన్న ముక్క, అడ్డంగా "నమూనా" అని గీసి వేయండి. 2016లో రద్దయిన పాత 500, 1,000 నోట్లు బల్లల మీద పెట్టేటప్పుడు 2017 చట్టం గుర్తుంచుకోండి. ఒకరి దగ్గర పదికి మించి, పరిశోధన లేదా నాణేల, నోట్ల అధ్యయనం కోసమైనా 25కు మించి ఉండకూడదు. నిర్వాహకుడి పెట్టెలో అందరి నోట్లూ కుప్ప పోయొద్దు, ఎవరివి వారి చేతే తెప్పించండి. వాటిని బహుమతులుగా కూడా ఇవ్వొద్దు.

అభ్యంతరాలు

అభ్యంతరం నోటితో కాదు, చీటీ మీద, రౌండు ముగిసిన 5 నిమిషాల్లోపు. నిర్ణయం క్విజ్ మాస్టర్ చేయకూడదు, ప్రశ్న రాసినవాడికి దాని మీద మమకారం ఉంటుంది. పోటీలో లేని ఒక సీనియర్ సేకర్తను తీర్పరిగా పెట్టండి. ఎవరైనా నోటే చూపించి మీ జవాబు తప్పని రుజువు చేస్తే ప్రశ్నను రద్దు చేసి, ఆ జట్టుకు మార్కులివ్వండి. కేటలాగులో ఉందని వాదిస్తే, నోటు మాటకే విలువ. ఉచ్చారణ తేడాలకు మార్కులు కోయొద్దు. ఇంటిపేరు సరిపోతే చాలు, అదే ఇంటిపేరు గల ఇద్దరు ఉన్నప్పుడు మాత్రం మొదటి పేరు అడగండి.

ఫోన్లు మొదలుకు ముందే కవర్లలో వేసి, జట్టు పేరు రాసి తీసుకోండి.

బహుమతులకు నగదు కన్నా పాలిస్టర్ కవర్ల ప్యాకెట్లు, మంచి భూతద్దం, ఆల్బమ్ బాగుంటాయి, సేకర్త వాడుకుంటాడు. ఫలితాలు చెప్పాక బల్లల నోట్లను జాబితాతో పోల్చి, నంబరు చదివి, యజమానికి ఇచ్చి మళ్ళీ సంతకం తీసుకోండి. ఆ పని ముగిసేదాకా హాలు తలుపు దగ్గర ఒకరు నిలబడాలి. మర్నాటికల్లా అన్ని ప్రశ్నలూ, జవాబులూ, ప్రతి జవాబుకూ ఏ నోటు చూడాలో రాసి పాల్గొన్నవాళ్ళందరికీ పంపండి. ఏ ప్రశ్నకు ఎన్ని జట్లు జవాబు చెప్పాయో పక్కనే రాసి ఉంచుకుంటే, తర్వాతి పోటీకి ప్రశ్నల బరువు కొలవడానికి అదే పనికొస్తుంది.